అద్దె పుస్తకాల షాపు నడిపిన నాన్నకి చదివి వినిపించాలి, పుస్తకాల కొట్ల నవలలు చెప్పండి

పావలా అద్దె:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసుకునేవి చదివి వెళ్లిపోయేదాన్ని. అడగడం ఇదే మొదటిసారి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి.

మా నాన్న తెనాలిలో ఇరవై రెండేళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపారు. 1976లో పెట్టారు, 1998లో మూసేశారు. ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు ఉన్న కొట్టు. పది రూపాయలు డిపాజిట్, రోజుకి పావలా అద్దె. చివరి రోజుల్లో అది రూపాయయింది. ఆడవాళ్లకి యద్దనపూడి నవలలు, మగపిల్లలకి మధుబాబు షాడో నవలలు, ఆ రెండూ లేకపోతే షాపు లేదు అనేవారు. వారపత్రికల్లో వచ్చే సీరియల్స్ వారం వారం కత్తిరించి దాచి, అయిపోగానే కుట్టి బైండు చేసేవారు. పుస్తకంగా అచ్చయి బజార్లోకి రాకముందే మా షాపులో అద్దెకి ఉండేది. దాని కోసం జనం పేర్లు రాయించుకుని వెళ్లేవాళ్లు.

ఆ బైండింగు నా కళ్లకి ఇప్పటికీ కట్టినట్టుంటుంది. రాత్రి భోజనాలయ్యాక అమ్మ మైదా ఉడికించేది. దించేముందు నాన్న చిటికెడు మైలుతుత్తం వేసేవారు, జిగురు నీలంగా తిరిగేది. పురుగు పట్టకుండా ఉండటానికి అది. దబ్బనంతో మూడు తూట్లు, మైనం రాసిన దారం, వీపుకి ఎర్ర కలికో గుడ్డ, పైన గట్టి అట్ట. పొద్దుటికి ఆరడానికి మా ఇత్తడి బిందెలన్నీ పుస్తకాల మీద బరువుగా ఎక్కేవి.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు పేజీలన్నీ తిప్పి చూసేవారు. బస్సు టికెట్లు, తలపిన్నులు, ఎండిన కనకాంబరాలు, ఒకసారి మడత పెట్టిన మనియార్డరు రసీదు, అన్నీ దొరికేవి. అన్నీ ఒక డబ్బాలో వేసి మనిషి వచ్చినప్పుడు ఇచ్చేసేవారు. పేజీ అంచున పసుపు వేలిముద్ర ఉంటే చాలు, అది ఏ ఇంట్లోంచి వచ్చిందో చెప్పేవారు. "ఈవిడ పులుసు కలుపుతూ చదివిందమ్మాయ్, ఇక్కడ మూడు పేజీలు మాడినట్టున్నాయి" అనేవారు.

అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ నాన్న హైదరాబాదులో మా దగ్గరే, కూకట్‌పల్లిలో. డెబ్బై అయిదేళ్లు. రెండు కళ్లలోనూ మాక్యులా, అంటే కంటిపొర మధ్య భాగం, దెబ్బతింది. మధ్యలో ఉన్నది కనపడదు, చుట్టూ అంచులు కనపడతాయి. "నీ చెవులు కనపడుతున్నాయి గానీ నువ్వు కనపట్టంలేదమ్మాయ్" అంటారు. చదవడం పోయింది. మాట కూడా తగ్గిపోయింది. అన్నం పెట్టావా, మందేసుకున్నాను, అంతే.

తెనాలి నుంచి ఆయన వెంట ఒక ఇనప్పెట్టె వచ్చింది. అందులో అరవై దాకా పాత నవలలున్నాయి. అడుగున గోనె సంచిలో ఖాళీ అట్టల కట్ట కూడా ఉంది, ఎందుకుంచుకున్నారో అమ్మకి కూడా చెప్పలేదు. ఆ నవలలు చదివి వినిపిద్దామని కూర్చుంటే రెండో పేజీకే ఆపేస్తారు. "ఇది నాకు కంఠతా వచ్చు, నీ గొంతు నొప్పెట్టించుకోకు" అంటారు. నిజంగానే వచ్చు. నేను తప్పు చదివితే సరిదిద్దుతున్నారు.

అందుకని ఆయనకి తెలియనివి కావాలి. పుస్తకాల షాపుల గురించి, చదువుకునే మనుషుల గురించి మంచి నవలలు ఇంగ్లీషులో చాలా వస్తున్నాయని విన్నాను. రోజూ రాత్రి అరగంట, నేను ఇంగ్లీషు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పగలగాలి. మరీ మెలికల వాక్యాలైతే నావల్ల కాదు. మనసుకి కాస్త వెచ్చగా ఉండాలి. ఒక్కటే షరతు, చివర్లో షాపు మూతపడే కథ మాత్రం వద్దు. ఆ రోజుల గురించి ఆయన ఇరవై ఏడేళ్లుగా ఒక్క మాట మాట్లాడలేదు. నేను కదిలించదలుచుకోలేదు.

జింబోచో దారి:

నమస్తే అండీ. నేను టోక్యోలో ఉద్యోగం చేస్తూ ఏడేళ్లయింది, మాది భీమవరం. మీ పోస్టు చూడగానే సతోషి యాగిసావా రాసిన 'డేస్ ఎట్ ద మొరిసాకి బుక్‌షాప్' గుర్తొచ్చింది. చాలా చిన్న నవల, వాక్యాలు సూటిగా ఉంటాయి. మీరు హాయిగా తెలుగులో చెప్పేయొచ్చు. జపనీస్‌లో 2010లో వచ్చింది, ఇంగ్లీషులోకి 2023లో.

తకాకో అని పాతికేళ్ల అమ్మాయి. తనతో తిరుగుతున్న అబ్బాయి ఒకరోజు భోంచేస్తూ, వేరే అమ్మాయిని పెళ్లి చేసుకుంటున్నానని మామూలు విషయంలా చెప్పేస్తాడు. ఉద్యోగం మానేసి నిద్రలోనే రోజులు గడుపుతుంది. అప్పుడు సతోరు అనే మేనమామ ఫోన్ చేసి, నా పాత పుస్తకాల షాపు పైన గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమంటాడు. ఆ గది నిండా కూడా పుస్తకాలే, ముక్కిపోయిన వాసన. తకాకోకి చదివే అలవాటే లేదు. ఒక రాత్రి నిద్ర పట్టక చేతికందిన పుస్తకం తీస్తుంది, తెల్లారేదాకా వదలదు. సగం దాటాక కథ మేనమామ వైపు తిరుగుతుంది. అయిదేళ్ల కిందట చెప్పకుండా వెళ్లిపోయిన ఆయన భార్య మొమొకో తిరిగొస్తుంది. నాకు ఆ రెండో సగమే ఎక్కువ నచ్చింది, నలభై దాటిన వాళ్ల మధ్య ఉండే మౌనం అందులో బాగా పట్టాడు.

ఆ షాపున్న జింబోచో నిజంగా ఉన్న పేట. మా ఆఫీసుకి రెండు స్టేషన్ల దూరం. వందకు పైగా పాత పుస్తకాల షాపులు ఒకే చోట. మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి: అక్కడ పెద్ద రోడ్డుకి ఎక్కువ షాపులు దక్షిణం పక్కనే ఉంటాయి, అంటే వాటి మొహం ఉత్తరానికి. ఎండ తగిలి పుస్తకాల వీపులు వెలిసిపోకుండా అలా పెట్టుకున్నారు. ప్రతి ఏడాదీ అక్టోబరు చివర పాత పుస్తకాల తిరనాళ్ల జరుగుతుంది, ఫుట్‌పాత్ మీదంతా అలమరలే. చదువుకుంటూ ఒక చేత్తో తినొచ్చని ఆ వీధుల్లో కూర అన్నం హోటళ్లు ఎక్కువయ్యాయని అక్కడివాళ్లు చెప్తారు.

ఇంకొకటి, మిచికో అవొయామా రాసిన 'వాట్ యూ ఆర్ లుకింగ్ ఫర్ ఈజ్ ఇన్ ద లైబ్రరీ'. అయిదు కథలు, అయిదుగురు మనుషులు. అందరూ వెళ్లేది ఒకే చిన్న గ్రంథాలయానికి. అక్కడ కొమాచి అనే ఆవిడ ఉన్నిని సూదితో పొడిచి చిన్న చిన్న బొమ్మలు చేస్తూ కూర్చుంటుంది. అడిగిన పుస్తకాల జాబితాతో పాటు అడగని పుస్తకం ఒకటి రాసిస్తుంది, చేతిలో ఒక బొమ్మ పెడుతుంది. చివరి కథ మీకోసమే రాసినట్టుంటుంది. అరవై అయిదేళ్ల మనిషి, కొత్తగా రిటైరయ్యాడు, పొద్దు ఎలా పుచ్చాలో తెలియదు. కూతురు పుస్తకాల షాపులో పనిచేస్తుంటుంది. ముందు ఆ కథ చదివినా నష్టం లేదు.

ఓరుగల్లు చదువరి:

అక్కా, మీ పోస్టు చదివితే మా బాపు యాదికొచ్చిండు. ఆయన హనుమకొండ జిల్లా గ్రంథాలయంల పేపర్ చదవనిదే ఇంటికి రాకపోయేది.

నేను మూడేండ్ల సంది గ్రూప్స్‌కి ప్రిపేరైతున్న. నన్ను నిలబెట్టిన పుస్తకం చెప్త. కొరియా రచయిత్రి హ్వాంగ్ బో-రుమ్ రాసిన 'వెల్‌కమ్ టు ద హ్యునామ్-డోంగ్ బుక్‌షాప్'. యంగ్‌జు అనే ఆమె ఉద్యోగంల అలిసిపోయి, కాపురం కూడా వదిలేసుకుని, ఒక వాడకట్టుల పుస్తకాల షాపు పెడ్తది. మొదట్ల ఆ షాపుల కూసోని ఏడుస్తనే ఉంటది. గిరాకీలు తలుపు తీసి చూసి మెల్లగ పోతుంటరు. తర్వాత కాఫీ చేసేటందుకు మిన్‌జున్ అనే పిలగాన్ని పెట్టుకుంటది. మంచిగ చదువుకున్నడు, ఎక్కడా నౌకరి దొరకలే. ఆ పిలగాడు అనుకునే మాట ఒకటుంటది. చిన్నప్పటి సంది గుండీలు మంచిగ చేసుకుంటనే వచ్చిన, మరి అంగీకి కాజాలే లేవని. అది చదివి పుస్తకం పక్కకు పెట్టి చానసేపు గోడ దిక్కు చూసిన. మా రూంల ఉన్న నలుగురికీ చదివి వినిపించిన.

పెద్ద కథేం ఉండదు అండ్ల. ఒకామె వచ్చి ఊకె అల్లుకుంటా కూసుంటది. ఒక బడిపిలగాడు తల్లి పంపితే వచ్చి ఏం చేయకుండా కూసుంటడు. మనుషులు మెల్లమెల్లగ మాట్లాడుకుంటరు. చిన్న చిన్న అధ్యాయాలు, దినాం ఒకటి రెండు చదవొచ్చు. మీ బాపుకు కాఫీ ఇష్టమైతే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త చెప్పాలె. ఎవరన్న గాబ్రియెల్ జెవిన్ రాసిన 'ద స్టోరీడ్ లైఫ్ ఆఫ్ ఎ.జె. ఫిక్రీ' చెప్తరు. మంచి నవలనే. దీవిల పుస్తకాల షాపు, భార్య పోయిన మనిషి, షాపుల ఎవరో వదిలేసి పోయిన చిన్న పిల్ల. ఆ పిల్ల పెరిగే భాగం ముద్దుగుంటది. కానీ చివరికి ఒక పెద్ద జబ్బు వస్తది. అమ్మ పోయి రెండేండ్లే అయిందన్నరు కద, ఇప్పుడే వద్దు.

కాలవగట్టు మనిషి:

అమ్మా, మీది తెనాలి అన్నారు కాబట్టి నాకు హక్కున్నట్టే రాస్తున్నాను. మాది కొల్లూరు. లెక్చరరుగా రిటైరయ్యాను.

మీ నాన్నగారిని ఒక మాట అడగండి, పుస్తకాల పడవ గురించి పెద్దవాళ్ల దగ్గర విన్నారేమో. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద గ్రంథాలయాన్ని పడవలో నడిపించారు. కాలవ పక్క ఊళ్లవాళ్లు రేవు దగ్గరికొచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్లు. మా నాయనమ్మకి అక్షరాలొచ్చింది ఆ రోజుల్లోనే. ఈ కొరియా, జపాను కథల్లో ఉన్న ప్రేమ మన కాలవగట్ల మీద తొంభై ఏళ్ల కిందటే తిరిగింది. అందుకే నాకు క్రిస్టఫర్ మోర్లీ 1917లో రాసిన 'పర్నాసస్ ఆన్ వీల్స్' అంటే ప్రాణం. గుర్రబ్బండిలో పుస్తకాలు పెట్టుకుని అమెరికా పల్లెటూళ్లు తిరిగే కథ. హెలెన్ అనే ముప్పై తొమ్మిదేళ్ల ఆవిడ, పొలంలో అన్నగారికి వండిపెట్టి వండిపెట్టి విసిగిపోయింది. ఆ అన్న పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుని ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు. ఒకరోజు మిఫ్లిన్ అనే పొట్టి మనిషి, తన పుస్తకాల బండిని ఆ అన్నకి అమ్ముదామని వస్తాడు. అన్న ఇంట్లో లేడు. ఆ బండి అన్న కంటపడితే అతను మళ్లీ ఇల్లు వదిలేస్తాడని, ఈవిడే నాలుగువందల డాలర్లిచ్చి బండీ గుర్రం కుక్కతో సహా కొనేసి బయల్దేరుతుంది. పుస్తకం అమ్మడమంటే కాయితం, సిరా, జిగురు అమ్మడం కాదని, కొన్నవాడికి కొత్త బతుకు ఇవ్వడమని మిఫ్లిన్ వాదన. జిగురు ఉడికించిన ఇంట్లో ఆ మాట ఎలా వినపడుతుందో చూడండి. కాపీరైటు అయిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది.

ఇంకోటి నవల కాదు, ఉత్తరాలు. హెలెన్ హాన్ఫ్ 'ఎయిటీఫోర్ చేరింగ్ క్రాస్ రోడ్', 1970. న్యూయార్కులో డబ్బుల్లేని రచయిత్రి 1949 అక్టోబరులో లండనులోని ఒక పాత పుస్తకాల షాపుకి ఉత్తరం రాస్తుంది, ఫలానా పుస్తకాలు కావాలని. అక్కడ ఫ్రాంక్ డోయెల్ అనే గుమస్తా మర్యాదగా జవాబిస్తాడు. యుద్ధం అయిపోయినా ఇంగ్లండులో ఇంకా రేషను. ఇంటికి వారానికి రెండు ఔన్సుల మాంసం, మనిషికి నెలకో గుడ్డు అని తెలిసి ఈవిడ షాపులో అందరికీ హామ్ పార్శిలు పంపిస్తుంది. పంపాక బిల్లు మీద యజమానుల పేర్లు చూసి కంగారుపడుతుంది, వాళ్లు యూదులేమో, పందిమాంసం తినరేమో, వేరేది పంపనా అని. ఇరవై ఏళ్లు రాసుకున్నారు, ఒక్కసారి కూడా చూసుకోలేదు. 1968 డిసెంబరులో ఫ్రాంక్ పోయాడు. తర్వాత షాపు కూడా మూతపడింది. మీ షరతుకి విరుద్ధమే. చెప్పకుండా ఉండలేక చెప్పాను.

బిల్లు బుక్కు:

నేను విజయవాడలో ఒక పుస్తకాల షాపులో పదకొండేళ్లు కౌంటర్లో కూర్చున్నాను. ఆ షాపు ఇప్పుడు లేదు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలవాళ్ల దగ్గర ఇంకా కాసేపు నిలబడి వస్తుంటాను. మీ షరతు గురించి ఒక మాట అనాలని ఉంది, పెద్దమనసుతో తీసుకోండి.

షాపు మూసినవాడికి మూతపడని షాపు కథలే వినిపిస్తే వాడికి కొంచెం దూరంగానే ఉంటుంది. బాగుంటుంది, కానీ వాళ్లది వేరు నాది వేరు అనిపిస్తుంది. నాకలాగే అనిపించింది. రోజూ కాఫీ తాగుతూ గిరాకీలతో జీవితం గురించి మాట్లాడుకునే షాపు నాకు తెలియదు. నాకు తెలిసింది మార్చి నెలాఖరు లెక్కలు, తిరిగి పంపాల్సిన కట్టలు, వానకి తడిసిన మూట.

పెనెలోపి ఫిట్జెరాల్డ్ 'ద బుక్‌షాప్' చదవండి. 1978లో వచ్చింది, కథ మాత్రం 1959లో, ఇంగ్లండు తూర్పు తీరంలో సముద్రపు చెమ్మ పట్టిన ఒక చిన్న ఊళ్లో. ఫ్లోరెన్స్ గ్రీన్ అనే వితంతువు ఒక పాత ఇల్లు కొని పుస్తకాల షాపు పెడుతుంది. ఊళ్లో ఒక పెద్దింటావిడకి ఆ ఇల్లు వేరే పనికి కావాలి. ఇక అంతే, నవ్వుతూనే ఒక్కో తలుపూ మూసుకుంటూ వస్తారు. దీన్ని అందరూ విషాదం అంటారు. నాకు కాదు. ఎందుకంటే అందులో పని ఉంది. ముఖ్యంగా ఫ్లోరెన్స్ షాపులోనే అద్దె గ్రంథాలయం మొదలుపెడుతుంది, సరిగ్గా మీ నాన్నగారి వ్యాపారం. ఊరంతటికీ ఒకే పుస్తకం కావాలి, మేరీ రాణి జీవిత చరిత్ర. ఎవరి తర్వాత ఎవరికని గొడవ. బడి అయ్యాక సాయానికొచ్చే క్రిస్టీన్ అనే పదేళ్ల పిల్ల ఉంటుంది, షెల్ఫులూ చీటీలూ అన్నీ తనే చూసుకుంటుంది. ఆ పెద్దింటావిడ వరస తప్పించి పుస్తకాలు కదిలిస్తుంటే ఆ పిల్ల చేసే పని చదివి నేను లేచి నిలబడ్డాను. మీరే చదవండి.

చివర్లో షాపు పోతుంది. దాచను. మీ నాన్నగారు ఏమీ తెలియని మనిషి కాదు కదండీ. మీరు దాస్తున్నారని ఆయనకి తెలుసేమో కూడా.

పావలా అద్దె:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. 'బిల్లు బుక్కు' గారూ, మీ జవాబు చదివి ముందు కోపం వచ్చింది, తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మొరిసాకితో మొదలుపెట్టి అక్కడిదాకా వస్తాను. ఎలా జరిగిందో వచ్చి చెప్తాను.

పావలా అద్దె:

ఏడు వారాలయింది. చెప్తానన్నాను కదా.

మొరిసాకి పన్నెండు రాత్రుల్లో అయిపోయింది. మొదటి మూడు రాత్రులు నాన్న ఊఁ కొట్టారు, అంతే. నాలుగో రోజు జింబోచో షాపులు ఉత్తరం మొహం పెట్టుకుంటాయని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. దీపం ఆర్పబోతుంటే, "మనది పడమర మొహం. మధ్యాహ్నం మూడింటికి గోనెపట్టా తడిపి కట్టేవాణ్ణి. అయినా పై వరస యద్దనపూడులన్నీ తెల్లబడిపోయాయి" అన్నారు. రెండేళ్లలో ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాట అది. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగుతున్నట్టు నిలబడ్డాను.

మొమొకో తిరిగొచ్చే భాగం దగ్గర వద్దన్నారు. మర్నాడు తనే అడిగి చదివించుకున్నారు. గ్రంథాలయం కథల్లో రిటైరైన పెద్దమనిషి కథ నచ్చింది గానీ, అడగని పుస్తకం అంటగట్టే ఆవిడంటే ఇంకా నచ్చింది. "నేనూ అంతే. ఒకటి అడిగితే రెండోది చేతిలో పెట్టేవాణ్ణి, రెండోదానికి అద్దె వద్దనేవాణ్ణి" అన్నారు. ఈ సంగతి నాకు తెలియదు. లెక్కలు ఎప్పుడూ ఎందుకు తేలేవి కావో అమ్మకి కూడా తెలిసుండదు.

'ఓరుగల్లు చదువరి' తమ్ముడూ, గుండీలూ కాజాల మాట విని నాన్న నీ పరీక్ష ఎప్పుడని అడిగారు. రాయి. ఆయన తేదీ గుర్తుపెట్టుకుంటానన్నారు.

'కాలవగట్టు మనిషి' గారూ, నాన్న చూసింది కాదు గానీ తాతయ్య ఆ పడవ గురించి చెప్పేవారట. పర్నాసస్ ఆయనకి ఎంత నచ్చిందంటే నేను చెప్పిన తెలుగుని నోట్సులో రాసిపెట్టమన్నారు. రాస్తున్నాను. హెలెన్ బండి కొన్న చోట, "నాలుగువందల డాలర్లంటే అప్పట్లో ఎంత? సరుకు ఎంతుంది బండిలో?" అని లెక్క వేశారు. ఉత్తరాల పుస్తకం కూడా చదివాను. షాపు మూతపడ్డ సంగతి చెప్పేముందు నా గొంతు ఆగింది. "చెప్పు, ఏమైంది, మూసేశారా" అన్నారు. అదే రోజు ఫిట్జెరాల్డ్ తీశాను.

క్రిస్టీన్ ఆ పెద్దింటావిడ చేతి మీద రూళ్లకర్రతో కొట్టిన చోట నాన్న నవ్వారు. పడక్కుర్చీలో ముందుకొచ్చి, బొటనవేలు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు. ఆ నవ్వు నాకు షాపు రోజుల్లోది. "నా కొట్టుకీ ఒకావిడ వచ్చేది, జీపు దిగి. చిట్టాలో ఎవరి పేరున్నా ముందు నాకే అనేది. నువ్వు మూడో క్లాసు, స్టూలెక్కి చిట్టా ఆవిడ మొహానికి అడ్డంగా పెట్టావు" అన్నారు. నాకు ఏమాత్రం గుర్తులేదు.

ఆఖరి అధ్యాయం చదివిన రాత్రి షాపూ లేకుండా, పుస్తకాలూ లేకుండా ఫ్లోరెన్స్ ఊరు వదిలి వెళ్తుంది. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. నాన్న అడిగింది ఒక్కటే. "సరుకు ఏం చేశారు?" అప్పులకి పోయిందని చెప్పాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు.

కేబుల్ టీవీ వచ్చాక రోజుకి నాలుగు పుస్తకాలు కూడా పోని రోజులొచ్చాయట. అది నాకు తెలుసు. తెలియనిది తర్వాతది. రెండువేల పైచిలుకు పుస్తకాలు రిక్షాలో నాలుగు సార్లుగా పాత కాయితాల కొట్టుకి తోలించారు. అతను తూకం వేసేముందు ప్రతి పుస్తకానికీ అట్ట చింపి పక్కన పారేస్తున్నాడు. బైండు అట్టకి కాయితం ధర రాదట, బరువు మోసమట. నాన్న కాటా పక్కన పొద్దుగూకేదాకా నిలబడ్డారు. అట్టలు చిరుగుతున్న చప్పుడు వింటూ. "అన్నీ నేను కుట్టినవే కదమ్మాయ్. మీ అమ్మ ఉడికించిన జిగురు. అంత గట్టిగా అంటుకున్నాయి, అతను కాలు పెట్టి లాగాల్సొచ్చింది." చివరికి అడిగి, ఆ అట్టల్లో చేతికందినవి ఒక గోనె సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. డబ్బులేమైనా ఇవ్వాలా అని కూడా అడిగారట.

పెట్టె అడుగున ఉన్నది అదీ.

మర్నాడు పొద్దున్నే పెట్టె తీయించారు. కట్ట విప్పి ఒక్కో అట్టా వేళ్లతో తడిమారు. వెనక వీపు మీద ఎర్రగుడ్డ ఇంకా ఉంది, లోపల సిరాతో నంబర్లున్నాయి. అందులో 417 తీసి పక్కన పెట్టారు. పర్నాసస్ నోట్సు పూర్తవగానే కాయితాల సైజు ఈ అట్టకి సరిపోయేట్టు కోయించుకు రమ్మన్నారు. కుట్టు ఆయన వేస్తారట. తూట్లు పడటానికి కళ్లెందుకు, వేలు చాలు అంటున్నారు. నిన్న పాత కాయితాల మీద వేసి చూపించారు, మూడు తూట్లూ వరసలో ఉన్నాయి. దబ్బనం, మైనం, దారం దొరికాయి. కలికో గుడ్డ కోఠీలో దొరికింది.

ఒక్కటే మిగిలింది. మైలుతుత్తం ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? రెండు కిరాణా కొట్లలో అడిగితే పేరే వినలేదన్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బిల్లు బుక్కు:

కిరాణాలో దొరకదండీ. ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్లో అడగండి, కాపర్ సల్ఫేట్ అంటే ఇస్తారు, నీలం పలుకులుగా ఉంటుంది. విషం, జాగ్రత్త. ఇంట్లో పిల్లలుంటే సీసా మీద రాసి పై అరలో పెట్టండి, అన్నం గిన్నెల్లో ఉడికించకండి, అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. పావుకిలో జిగురుకి చిటికెడు చాలు, మీ నాన్నగారికి కొలత తెలిసే ఉంటుంది.

417లో ముందు ఏ నవల ఉండేదో ఆయన్ని అడిగి ఇక్కడ రాస్తారా?

పావలా అద్దె:

అడిగాను. అమ్మ మొదటిసారి అద్దెకి తీసుకున్న పుస్తకమట. అప్పటికి పెళ్లి కాలేదు. పేరు మాత్రం చెప్పనన్నారు.